కరిగిన మంచు కొత్త నీటిని పుట్టించదు

ఉత్తర ధ్రువం దగ్గర మంచు కరిగిపోతోందట, ఆ నీళ్లన్నీ వచ్చి కోనసీమను ముంచేస్తాయట. ఈ మాట మన గోదావరి డెల్టాలో స్థిరపడిపోయింది. టీవీ చర్చల్లో అంటున్నారు. బడిపిల్లల చేత వక్తృత్వ పోటీల్లో అనిపిస్తున్నారు. ఉప్పాడ దగ్గర రోడ్డు కోసుకుపోయిన ప్రతిసారీ, అంతర్వేది దగ్గర కెరటం ముందుకొచ్చిన ప్రతిసారీ మళ్లీ అంటున్నారు. చూసేవాళ్లకు నమ్మకం కుదరడానికి ఒక బొమ్మ కూడా వేస్తున్నారు. అంచుదాకా నీళ్లున్న గ్లాసు, అందులో తేలుతున్న ఐసుగడ్డ, పక్కనే ఆ ఐసు కరిగి పొర్లిపోతున్న అదే గ్లాసు.

ఆ బొమ్మ తప్పు. మండపేటలో ఏ ఇంటి వంటగదిలోనైనా కాసేపట్లో తప్పని తేలిపోయే బొమ్మ అది. అయినా ఇన్నాళ్లు నిలబడిందంటే దాని వెనక మనం ఎన్నడూ నిలదీయని నమ్మకం ఒకటుంది. మంచు కరిగితే నీరు పెరుగుతుందన్నదే ఆ నమ్మకం. కరగడం అనే పని నీటిని ఒక్క బొట్టు కూడా పెంచదు. ఈ సంగతి తేల్చుకోకపోతే మన డెల్టాకు వచ్చిన ఆపద ఏమిటో కూడా సరిగా చెప్పలేం. ఆపద పేరు తప్పు చెబితే మందూ తప్పే పడుతుంది. ఇంత పట్టుదలగా రాయడానికి కారణం అదే.

ముందు తక్కెడ దగ్గర మొదలుపెడదాం. ఒక ప్లాస్టిక్ సీసాలో అర కిలో నీళ్లు పోసి, పైన కాస్త ఖాళీ వదిలి, మూత గట్టిగా బిగించి తూచండి. రాత్రంతా ఫ్రీజరులో ఉంచండి. పొద్దున్నే తీసి, బయట పట్టిన చెమ్మను తుడిచి, మళ్లీ తూచండి. బరువు అదే. మూత బిగించి ఉంది కనుక లోపలికి వచ్చింది లేదు, బయటికి పోయింది లేదు. ద్రవ్యరాశి మారలేదు. మారింది అది పట్టే చోటు. 500 మిల్లీలీటర్ల నీరు గడ్డకట్టి సుమారు 545 మిల్లీలీటర్ల చోటు తీసుకుంది. మూతదాకా నింపిన గాజు సీసా ఫ్రీజరులో పగిలిపోయేది అందుకే. పగిలిన సీసాను చూపించి "చూశారా, ఐసులో ఏదో ఎక్కువుంది" అనేవాళ్లున్నారు. ఎక్కువైంది ఘనపరిమాణం ఒక్కటే.

అదే ద్రవ్యం ఎక్కువ చోటులోకి పరుచుకుంటే, ఒక్కో ఘనపు సెంటీమీటరు వాటాకు వచ్చే ద్రవ్యం తగ్గుతుంది. నీటికి ఆ వాటా దాదాపు 1 గ్రాము. ఐసుకు 0.917 గ్రాములు. సాంద్రత అంటే ఈ వాటాయే. కాబట్టి "ఐసు నీటి కంటే తేలిక" అని ఊరికే అనేస్తే చాలదు. కిలో ఐసూ కిలో నీరూ ఒకే బరువు. లీటరు ఐసునూ లీటరు నీటినీ పక్కపక్కన పెడితే మాత్రం ఐసు 83 గ్రాములు తక్కువ తూగుతుంది. దేన్ని సమానంగా ఉంచి దేన్ని పోలుస్తున్నామో చెప్పకపోవడంతోనే గందరగోళం మొదలవుతోంది.

ఇప్పుడు గ్లాసు దగ్గరికి వద్దాం. 100 గ్రాముల ఐసుగడ్డ తీసుకోండి. దాని ఘనపరిమాణం 109 మిల్లీలీటర్లు. దాన్ని నీళ్లలో వేస్తే ఎంతవరకు మునుగుతుంది? తన బరువుకు సమానమైన బరువున్న నీటిని పక్కకు నెట్టేదాకా మునిగి, అక్కడ ఆగుతుంది. ఆర్కిమెడీస్ ఈ సూత్రం చెప్పి రెండు వేల ఏళ్లు దాటింది. 100 గ్రాముల ఐసు 100 గ్రాముల నీటిని నెట్టాలి. 100 గ్రాముల నీరంటే 100 మిల్లీలీటర్లు. అంటే గడ్డలో 100 మిల్లీలీటర్ల భాగం నీటి కిందికి దిగుతుంది, 9 మిల్లీలీటర్ల భాగం పైకి తేలి కనబడుతుంది. గడ్డ పూర్తిగా కరిగాక ఎంత నీరవుతుంది? 100 మిల్లీలీటర్లు. తాను నీటిలో చేసుకున్న గుంట ఎంతో సరిగ్గా అంతే. గుంట పూడిపోతుంది, మట్టం కదలదు.

పైకి కనిపించిన ఆ 9 మిల్లీలీటర్లు ఏమైనట్టు? గడ్డకట్టేటప్పుడు పెరిగిన చోటే అది. కరగగానే ఆ పెరుగుదల వెనక్కి పోయింది. నీటి పైన తేలి కనిపించే ముక్కను చూసి "ఇదంతా కరిగి పైన పడుతుంది" అనుకోవడంలోనే పొరపాటుంది. పొర్లడానికి కావలసిన అదనపు నీరు ఆ గ్లాసులో మొదటి నుంచీ లేదు.

"నేను కళ్లారా చూశాను, గ్లాసు కింద బల్ల తడిసింది" అని కొందరు వాదిస్తారు. బల్ల తడిసిన మాట నిజమే. ఆ నీరు గ్లాసులోంచి వచ్చింది కాదు. మే నెలలో మన డెల్టా గాలిలో ఎంత తేమ ఉంటుందో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. చల్లటి గాజుకు తగలగానే ఆ తేమ నీరై గ్లాసు బయట కారుతుంది. ఇంకొందరు గ్లాసు నిండా ఐసు ముక్కలు కుక్కి ఆ తరవాత నీళ్లు పోస్తారు. అప్పుడు అడుగు ముక్కలు గ్లాసు అడుగున ఆని ఉంటాయి, పై ముక్కలు వాటి మీద కూర్చుంటాయి. అవి తేలడం లేదు, నిలబడి ఉన్నాయి. వాటి బరువును గ్లాసు అడుగు మోస్తోంది, నీరు మోయడం లేదు. అవి కరిగితే మట్టం పెరుగుతుంది, పొర్లినా పొర్లవచ్చు. తేలే ఐసుకూ ఆని నిలబడిన ఐసుకూ ఉన్న ఈ తేడాను గుర్తుంచుకోండి. ఈ వాదన మొత్తం దాని మీదే నడుస్తుంది.

మరో అభ్యంతరం దీనికంటే బలమైనది, దాన్ని దాటవేయకూడదు. సముద్రంలో ఉన్నది మంచినీరు కాదు, ఉప్పునీరు కదా? అవును. నీటి కంటే చిక్కని ద్రవంలో ఐసు కరిగితే ఏమవుతుందో మండపేట కలువపువ్వు సెంటర్ దగ్గర చెరుకు రసం తాగేటప్పుడు పరీక్షించవచ్చు. చెరుకు రసంలో చక్కెర కరిగి ఉంటుంది కనుక దాని సాంద్రత నీటి కంటే ఏడెనిమిది శాతం ఎక్కువ. 100 గ్రాముల ఐసు తన బరువుకు సరిపడా రసాన్ని నెట్టాలంటే 93 మిల్లీలీటర్లు నెడితే చాలు. కరిగాక మాత్రం 100 మిల్లీలీటర్ల నీరవుతుంది. కాబట్టి మట్టం ఆ 7 మిల్లీలీటర్ల మేరకు పెరుగుతుంది. ఈ పెరుగుదలకు కారణం రెండు ద్రవాల సాంద్రతల్లో ఉన్న తేడా. సముద్రపు నీటి సాంద్రత మంచినీటి కంటే రెండున్నర శాతం మాత్రమే ఎక్కువ. అక్కడ 100 గ్రాముల మంచుకు వచ్చే అదనం రెండున్నర మిల్లీలీటర్లు. ప్రపంచంలో తేలుతున్న మంచంతా, ధ్రువ సముద్రాల మీది పొరా మంచుకొండలూ తేలే మంచు పలకలూ కలిపి, పూర్తిగా కరిగిపోతే సముద్ర మట్టం పెరిగేది సుమారు 4 సెంటీమీటర్లని లెక్కగట్టారు. అది సున్నా కాదు, నేను దాన్ని దాచడం లేదు. కానీ కోనసీమ కొబ్బరి చెట్లను మొవ్వుదాకా ముంచే నీళ్లు ఈ నాలుగు సెంటీమీటర్లలోంచి రావు.

ఇంత తేలికైన లెక్క ఇంతమందికి ఎందుకు తప్పుతోంది? తరగతి గదిలో మొదటి రోజు నేర్పే ఒక నియమమే దీనికి మూలమని నా నమ్మకం. పదార్థ స్థితుల పాఠంలో చుక్కల బొమ్మ వేస్తారు. ఘనంలో చుక్కలు ఒకదానికొకటి ఆనుకుని, ద్రవంలో కాస్త ఎడంగా, వాయువులో చెల్లాచెదురుగా. ఘనం చిక్కన, ద్రవం పలచన అని పిల్లవాడు రాసుకుంటాడు. ఆ నియమం చాలా పదార్థాలకు సరిపోతుంది. సంక్రాంతి చలికి పేరుకున్న కొబ్బరి నూనె సీసాను చూడండి, నడుమ గుంట పడి ఉంటుంది. గడ్డకడుతూ నూనె కుంచించుకుపోయింది. పేరుకున్న నెయ్యి ముక్కను కరిగిన నేతిలో వేస్తే అడుక్కి పోతుంది. అదే ఫ్రీజరు ట్రేలోని ఐసు ముక్కను చూడండి, నడుమ పైకి ఉబికి ఉంటుంది. రెండూ ఒకే ఇంట్లో, ఒకే నెలలో కనిపిస్తాయి. చుక్కల బొమ్మ నేర్పిన మాస్టారు మొదటి ఉదాహరణగా ఐసునూ నీటినీ చెప్పి ఊరుకుంటే, నియమానికి తలవంచని పదార్థాన్నే నియమానికి సాక్ష్యంగా నిలబెట్టినట్టవుతుంది.

ఐసులో ప్రతి నీటి అణువూ చుట్టూ ఉన్న నాలుగు అణువులతో హైడ్రోజన్ బంధాలు కట్టుకుని ఆరు మూలల అల్లికలో నిలుస్తుంది. ఆ అల్లిక నడుమ చాలా ఖాళీ ఉంటుంది. కరిగినప్పుడు అల్లిక కొంత చెదిరి, అణువులు ఆ ఖాళీల్లోకి ఒదుగుతాయి. అందుకే నీరు ఐసు కంటే చిక్కన. ఈ ఒదగడం సున్నా డిగ్రీల దగ్గర ఆగదు, 4 డిగ్రీల దాకా సాగుతుంది. నీటికి అత్యధిక సాంద్రత అక్కడే. ఆ తరవాత వేడి పెరిగేకొద్దీ నీరూ మిగతా ద్రవాల్లాగే వ్యాకోచిస్తుంది. ఈ చివరి వాక్యం చిన్నదే కానీ సముద్రం విషయంలో మనకు చాలా అవసరం వస్తుంది. గడ్డకడితే పెరిగే పదార్థాలు నీటితో పాటు మరికొన్ని ఉన్నాయి. బిస్మత్, గాలియం, సిలికాన్ అలాంటివే.

ఈ వివాదం పాతది. 1611లో ఫ్లోరెన్స్ నగరంలో పండితులు దీని మీదే పోట్లాడుకున్నారు. చలి దేన్నైనా చిక్కబరుస్తుంది, కాబట్టి ఐసు చిక్కబడిన నీరే, నీటి కంటే బరువైనదే, వెడల్పైన పలకలా ఉండటం వల్లే నీళ్ల మీద నిలుస్తోంది అని అరిస్టాటిల్ అనుయాయుల వాదన. గెలీలియో ఒప్పుకోలేదు. ఐసు పలచబడిన నీరని, తేలడానికి ఆకారంతో పని లేదని, వెడల్పు పలకను నీటి అడుగుకు నొక్కి వదిలినా తిరిగి పైకే వస్తుందని చెప్పాడు. టస్కనీ గ్రాండ్ డ్యూక్ విందులో ఇద్దరు కార్డినళ్లు చెరో పక్షం పట్టారు. గెలీలియో వైపు మాట్లాడిన మఫియో బార్బెరీని తరవాత ఎనిమిదో అర్బన్ పేరుతో పోప్ అయ్యాడు. గెలీలియో తన వాదనను 1612లో పుస్తకంగా తెచ్చాడు, అదీ పండితుల లాటిన్‌లో కాకుండా జనం చదివే ఇటాలియన్‌లో. నాలుగు వందల ఏళ్ల కిందట జనం భాషలో తేల్చి చెప్పిన విషయం మన పిల్లల నోట్లో ఇంకా తలకిందులుగా పలుకుతోందంటే తప్పు పిల్లలది కాదు.

విచిత్రమేమంటే, బళ్లో కుదరని ఈ పాఠం ఐసు ఫ్యాక్టరీలో ఎప్పుడో కుదిరింది. అక్కడ పెద్ద తొట్టెలో ఉప్పునీరు ఉంటుంది. దాన్ని అమ్మోనియాతో సున్నా కంటే బాగా కిందికి చల్లబరుస్తారు, ఉప్పు వల్ల అది గడ్డకట్టదు. అందులోకి మంచినీళ్లు పోసిన రేకు డబ్బాలు దించుతారు. పనివాళ్లు ఆ డబ్బాలను అంచుదాకా నింపరు. పైన కొంత వదులుతారు, గడ్డకట్టేటప్పుడు నీరు పైకి ఉబుకుతుందని వాళ్లకు చేతులతో తెలుసు. డబ్బా గోడల నుంచి లోపలికి గడ్డకడుతూ పోతుంది కనుక గాలీ లవణాలూ నడిమికి నెట్టబడి దిమ్మ మధ్యలో తెల్లని చార పడుతుంది. మామూలు నీళ్లలో ఒకసారి ముంచగానే దిమ్మ డబ్బా వదిలి జారుతుంది. ఎంత నీరు పోశారో అంత బరువు దిమ్మే బయటికి వస్తుంది, ఎత్తు మాత్రం పెరిగి.

అదే ఐసు చేపల పెట్టెల్లోకి చేరేసరికి లెక్క మళ్లీ దారి తప్పుతోంది. రొయ్యల చెరువుల గట్ల మీద "పెట్టె నిండా ఐసేశాం" అనే మాట ఎంత ధీమాగా వినబడుతుందో. నిండుదనం ఘనపరిమాణం. చల్లబరిచే శక్తి ద్రవ్యరాశిది. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడిని పీల్చుకుంటుంది, పాత లెక్కలో గ్రాముకు 80 కేలరీలు. గట్టి దిమ్మగా టన్ను ఐసు 1.09 ఘనపు మీటర్ల చోటు పడుతుంది. దాన్నే దంచి పోస్తే ముక్కల నడుమ గాలి చేరి సుమారు ఒకటిన్నర ఘనపు మీటర్లవుతుంది. యంత్రం గీరి ఇచ్చే పలచటి పొరల ఐసైతే రెండు ఘనపు మీటర్లు దాటుతుంది. పెట్టె అదే, నిండుదనం అదే, లోపలున్న ఐసు మూడో వంతు తగ్గవచ్చు. మనలాంటి వేడి ప్రాంతాల్లో సరుకు ఎంత బరువుంటే అంత బరువు ఐసు వేయమని చెప్పేది అందుకే. కంటికి నిండుగా కనిపించిన పెట్టె మార్కెట్‌కు చేరేసరికి వాసన వేస్తే, నష్టం రైతుకు. భౌతికశాస్త్రంలో చిన్న గందరగోళానికి ఎవరో ఒకరు డబ్బు కడుతూనే ఉన్నారు.

ఇక ఎదుటి పక్షం సంగతి. గ్లాసు పొర్లదని తెలుసుకున్నవాళ్లలో ఒక వర్గం దాన్ని పట్టుకుని ఇంకో అబద్ధం అల్లుతోంది. తేలే ఐసు కరిగితే మట్టం పెరగదు కాబట్టి సముద్రం పెరుగుతోందన్నదంతా కట్టుకథ అంటున్నారు. మొదటి మూఢనమ్మకం కంటే ఇది ప్రమాదకరం, ఎందుకంటే దీని చేతిలో నిజమైన ప్రయోగం ఒకటుంది. గ్లాసులో రెండు రకాల ఐసు ఉంటుందని పైన చెప్పాను, తేలేది ఒకటి, ఆని నిలబడింది మరొకటి. ఉత్తర ధ్రువ సముద్రం మీద ఉన్నది తేలే మంచు. గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల మీద ఉన్నది రాతినేల మీద ఆని కూర్చున్న మంచు. హిమాలయాల హిమానీనదాలూ అంతే. ఆ మంచు బరువును సముద్రం ఇప్పటిదాకా మోయలేదు. అది కరిగి సముద్రంలోకి దిగితే కొత్త ద్రవ్యరాశి వచ్చి చేరుతుంది. గ్రీన్‌లాండ్ మంచంతా కరిగితే 7 మీటర్లు, అంటార్కిటికాది అంతా కరిగితే 58 మీటర్ల దాకా సముద్రం పెరుగుతుంది. అదంతా రేపో ఎల్లుండో జరిగేది కాదు, కానీ మొదలు కాకుండా ఆగిందీ లేదు.

తేలే మంచుకు విలువ లేదని కూడా ఎవరూ అనుకోకూడదు. తెల్లటి మంచు ఎండను వెనక్కి కొడుతుంది, అది పోతే కింద ఉన్న నల్లటి సముద్రం ఆ వేడిని మింగుతుంది. అంటార్కిటికా అంచున తేలే మంచు పలకలు వెనక ఉన్న హిమానీనదాలకు అడ్డుకట్టల్లా నిలుస్తాయి. 2002లో లార్సెన్ బి అనే పలక ముక్కలైపోయాక, దాని వెనక నేల మీది హిమానీనదాలు వేగంగా సముద్రంలోకి జారడం మొదలుపెట్టాయి. అక్కడ కూడా మట్టాన్ని పెంచింది నేల మీది నుంచి వచ్చిన మంచే.

మరి ఇప్పటిదాకా సముద్రం ఎంత పెరిగింది? 1901 నుంచి 2018 వరకు సుమారు 20 సెంటీమీటర్లు. వాతావరణ మార్పును అధ్యయనం చేసే ఐపీసీసీ ఆరో నివేదిక లెక్క ప్రకారం 1971 నుంచి 2018 మధ్య జరిగిన పెరుగుదలలో సగం వాటా వేడికి నీరు వ్యాకోచించడానిది. హిమానీనదాలది 22 శాతం, గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు ఫలకాలది 20 శాతం. సగం పెరుగుదలకు మంచుతో ఏ సంబంధమూ లేదు. అక్కడ ఒక్క బొట్టు నీరు కొత్తగా చేరలేదు, ఉన్న నీటి సాంద్రత కొద్దిగా తగ్గింది, చోటు పెరిగింది. మన బంగాళాఖాతం లాంటి వెచ్చటి సముద్రంలో పై 100 మీటర్ల నీరు ఒక్క డిగ్రీ వేడెక్కితే ఆ పొర సుమారు 3 సెంటీమీటర్లు ఉబుకుతుంది. ప్రపంచంలో తేలే మంచంతా కరిగితే వచ్చే పెరుగుదలకు ఇది కాస్తే తక్కువ. వక్తృత్వ పోటీలో ఏ పిల్లవాడి చేతా మనం ఈ మాట చెప్పించడం లేదు.

ఇప్పుడు మన నేల దగ్గరికి వస్తాను. మండపేట, ఆలమూరు, రామచంద్రపురం, నదీపాయ దాటి కోనసీమ మొత్తం, ఇదంతా గోదావరి కొన్ని వేల ఏళ్లుగా మోసుకొచ్చి పరిచిన ఒండ్రు. పరిచినప్పుడు ఒండ్రులో నీరు నిండి ఉంటుంది. పైన కొత్త పొర పడేకొద్దీ ఆ బరువుకు కింది పొరలోని నీరు బయటికి పోతుంది, మట్టి అణగుతుంది. మట్టి ద్రవ్యరాశి తగ్గదు, చోటు తగ్గుతుంది, సాంద్రత పెరుగుతుంది. ఐసు విషయంలో చూసిన లెక్కే ఇక్కడా నడుస్తోంది, పదార్థం మాత్రం వేరు. డెల్టా ఎప్పుడూ కొద్దికొద్దిగా కుంగుతూనే ఉంటుంది. అయినా ఇన్ని వేల ఏళ్లు నీటి పైన నిలిచిందంటే, కుంగినంత మేర నది ఏటా కొత్త ఒండ్రుతో పూడ్చింది కనుకనే.

ఆ పూడ్చడం ఇప్పుడు ఆగిపోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 1970 దశకంలో గోదావరి ఏటా తెచ్చిన ఒండ్రు 15 కోట్ల 2 లక్షల టన్నులు. 2000 నుంచి 2006 మధ్యకు వచ్చేసరికి అది 5 కోట్ల 72 లక్షల టన్నులకు పడిపోయింది. ఎగువన కట్టిన జలాశయాల అడుగున మిగతాది పేరుకుపోయింది. కృష్ణా, గోదావరి జంట డెల్టాల తీరం పొడవు 336 కిలోమీటర్లు. 1965 నుంచి 2008 వరకు 43 ఏళ్లలో ఆ తీరం వెంట చేరిన నేల పోను 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసిందని అదే పరిశోధన చెప్పింది.

తగ్గిన ఒండ్రు ఏటా 9 కోట్ల 30 లక్షల టన్నులు. పేరుకున్న ఒండ్రు ఘనపు మీటరుకు 1.4 టన్నులు తూగుతుందనుకుంటే, అది ఆరున్నర కోట్లకు పైగా ఘనపు మీటర్ల నేల. ఒక మీటరు మందాన పరిస్తే 66 చదరపు కిలోమీటర్లు. అంతా డెల్టా మీదే ఆగేది కాదు, చాలా భాగం లోతు సముద్రంలోకి పోయేది, నిజమే. అయినా అందులో పదో వంతు దక్కినా డెల్టా తీరం గతి వేరుగా ఉండేది. ప్రపంచంలోని 33 పెద్ద డెల్టాల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో గోదావరి, కృష్ణ రెండూ ఉన్నాయి. డెల్టాలు కుంగడానికి ఆ అధ్యయనం చూపిన కారణాలు జలాశయాల్లో ఒండ్రు చిక్కుకోవడం, భూగర్భం నుంచి నీరు, చమురు, గ్యాసు తోడేయడం. మండపేట కింద గ్యాసు నిక్షేపం ఉంది, ఓఎన్‌జీసీ బావులున్నాయి. ఈ మాట మనకు పరాయిది కాదు.

దీనికి కొందరిచ్చే జవాబు నాకు తెలుసు. "సముద్రం పెరిగినా నేల కుంగినా మునిగేది మునిగేదే కదా, పేరు ఏదైతేనేం?" ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. తప్పంతా ధ్రువాల మంచు మీద వేస్తే, ఇక్కడ ఎవరూ దేనికీ జవాబు చెప్పనక్కర్లేదు. కెరటానికి అడ్డంగా బండరాళ్లు పోసి, అవి కొట్టుకుపోతే మళ్లీ పోసి, ప్రకృతిని నిందించి ఊరుకోవచ్చు. కారణం ఒండ్రు తగ్గడమని ఒప్పుకుంటే మన చేతిలో పని ఉంటుంది. జలాశయాల అడుగు తూముల గుండా వరద కాలంలో బురదను కిందికి వదలవచ్చు. పోలవరం గేట్లు నడిపే పద్ధతిలోనే ఒండ్రుకు దారి ఇవ్వమని అడగవచ్చు. తీరం దగ్గర ఇసుక తవ్వకాన్ని, లోతు బోర్లను అదుపు చేయవచ్చు. సముద్రం నిజంగానే పెరుగుతోంది, మనం కట్టే ప్రతి గట్టూ ఆ 20 సెంటీమీటర్లను లెక్కలోకి తీసుకోవాల్సిందే. కానీ పెరిగే సముద్రం ఎదుట కుంగే నేలను నిలబెట్టగలిగింది గోదావరి బురద ఒక్కటే.

కాటన్ దొర కట్టించిన తొలి ఆనకట్ట 1852లో పూర్తయిన ధవళేశ్వరంలో ఇప్పుడు బ్యారేజీ ఉంది. వరద వచ్చిందంటే డెల్టా అంతా దాని గేజీ వైపే చూస్తుంది. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ అంకెలు మన ఇళ్లల్లో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. గంటగంటకూ ఎన్ని లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వదిలారో టీవీలో తిరుగుతూ ఉంటుంది. అడుగులూ క్యూసెక్కులూ నీరు పట్టే చోటును చెబుతాయి, ఆ నీరు మోసే మట్టి బరువును చెప్పవు. కేంద్ర జల సంఘం పోలవరం దగ్గర ఒండ్రును కొలుస్తూనే ఉంది. వరద బులెటిన్‌లో అడుగుల పక్కన, క్యూసెక్కుల పక్కన, ఇవాళ ఎన్ని లక్షల టన్నుల ఒండ్రు కిందికి దిగిందో, ఎంత ఎగువన ఆగిపోయిందో కూడా వేయాలి. మండపేటలో, అమలాపురంలో, ఉప్పాడలో మనం ముందుగా అడగాల్సిన అంకె అది.